అన్నము లేని యిగురు

గోదావరికి కుడిగట్టున, 1965లో ప్రారంభమైన భద్రాచలపు వారధికి ఈవల, ఒక వంక మన్యమును, వేఱొక వంక కాగితపు కర్మాగారమును ఆనుకొని పెరిగిన సారపాకలో సైతము, అన్నము మానినవారు ఇప్పుడు అరుదు కారు. కొన్నేండ్ల క్రిందట వీరమాచనేని రామకృష్ణగారు, క్రొవ్వు హెచ్చుగాను పిండిపదార్థములు మిక్కిలి తక్కువగాను భుజింపవలెనని తెలుగునాట విస్తృతముగా ప్రచారము చేసిరి. పిండిపదార్థములు తగ్గించు పద్ధతి క్రొత్తది కాదు. 1863లోనే లండనులో విలియం బాంటింగ్ అనునతడు ఇట్టి ఆహారముచే తన స్థూలకాయము తగ్గిన విధమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. అతడు వైద్యుడు కాడు, అంత్యక్రియల నేర్పాటు చేయు వర్తకుడు!

అన్నము మానుట యొక యెత్తు, కూర మార్చుట మఱియొక యెత్తు. మన మాంసపుకూర అన్నమునే దృష్టియం దుంచుకొని పుట్టినది. గరిటెడు కూరతో కంచెడన్నము చెల్లునట్లు ఉప్పును, కారమును, పులుపును అందు దట్టించుట మన తల్లుల నేర్పు. ఆ అన్నమును తొలగించి కూరను యథాతథముగా గిన్నెడు తిన్నచో, నాలుక మండుటయే కాక ఉప్పును మితిమీరును. కావున కారము సగము చేసి, చింతపండును విడిచి, టమాటాను ఆశ్రయింపవలెను. చింతపండు గుజ్జులో చక్కెర మిక్కుటము; టమాటా 100 గ్రాములలో పిండిపదార్థము సుమారు 4 గ్రాములే.

అర కిలో మేకకీమాకు అర కిలో పండు టమాటాయు, ఒక చిన్న ఉల్లిగడ్డయు చాలును. కాలిమాంసము కొంత కలిపి కొట్టించినచో, అందలి కొల్లాజెను సన్నని సెగపై కరగి జిగురై రసమును చిక్కబఱచును. ఇక పుట్నాలపొడితో పనిలేదు. మూకుటిలో కాగిన నూనెలో కీమాను వేసి, అది వదలిన నీరంతయు ఇగిరి అడుగున ఎఱ్ఱగా పట్టువఱకు ఓపిక పట్టవలెను. రుచికి మూలమైన ఈ ఘట్టముననే మనవారు తొందరపడి నీళ్లు పోయుదురు. పిదప ఉల్లి, అల్లము వెల్లుల్లి ముద్ద, కారము వేయించి టమాటా చేర్చినచో, నూటికి 94 పాళ్లు నీరే యగు ఆ పండ్లు అడుగంటిన సారమును తామే కరగించును. గంటసేపు మ్రగ్గి నూనె తేలిన తరువాతనే, రసము ఇగిరినకొలది ఉప్పదనము హెచ్చును గనుక, ఉప్పు సరిచూడవలెను. చింతచిగురు దొరకు దినములలో గుప్పెడు వేసి టమాటాను తగ్గించుట, నా మట్టుకు, మఱింత రుచికరము.

ఇటలీలో బొలోన్యావారి మాంసపు సాసు వంటకము 1982లో అక్కడి వాణిజ్యమండలియందు నమోదైనది. అందును మాంసమే ప్రధానము, టమాటా అనుచరము. పాపము, వారు దానిని గోధుమపిండి పట్టీలతోనే ఆరగింతురు.

నలుగురు పంచుకొన్నచో ఈ యిగురున ఒక్కొక్కరికి చేరు పిండిపదార్థము సుమారు 6 గ్రాములు. 200 గ్రాముల అన్నమున 55 గ్రాముల వఱకు నుండును. మధుమేహమునకు ఇన్సులినో మాత్రలో వాడువారు ఇంత హఠాత్తుగా అన్నము మానినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును గనుక, ముందుగా వైద్యునితో మందు మోతాదును మార్పించుకొనవలెను. తక్కినవారు సన్నగా తరిగి నూనెలో మగ్గించిన క్యాబేజీపైనను, ఆవిరిపై నుడికించిన పొట్లకాయ ముక్కలపైనను దీనిని వడ్డించుకొనవచ్చును. మిగిలినదానిలో మరునాటి యుదయము రెండు గ్రుడ్లు కొట్టి మూతపెట్టినచో ఫలాహారమునకు వేఱు వంట యక్కఱలేదు.