కంప్యూటరుపై కదలెడు దీపావళి కార్డు

దూరదేశమందున్న కుమారునకో, మనుమరాలికో పండుగనాడు ఒక శుభాకాంక్షల కార్డు పంపవలెనను కోరిక మన యిండ్లలో క్రొత్తది కాదు. నేడు పండుగ ఉదయమున ఫోనులలో పదులకొలది బొమ్మలు వచ్చి పడుచున్నవి. ఎవరో ఒకరు చేయగా వేయిమంది పంపినవి అవి. వానిని చాలవరకు చూడకయే తుడిచివేయుదుము. స్వయముగా చేసిన కార్డు సంగతి వేరు. ప్రమిద కొంత వంకరగా నున్నను అది అమ్మమ్మ గీసిన ప్రమిద యని మనుమరాలికి తెలియును. అట్టి కార్డును, అందు దీపశిఖ అల్లలాడునట్లుగా, ఒక సాయంకాలములో ఎట్లు సిద్ధపరుపవచ్చునో చూతము.

తెరపై బొమ్మ నిజముగా కదలదు. కొద్దికొద్ది భేదముగల బొమ్మలను వెంటవెంటనే చూపినచో మన చూపు వానిని కలిపి చలనముగా గ్రహించును. బెల్జియం దేశీయుడగు జోసెఫ్ ప్లాటో 1832లో, తిరిగెడు బిళ్ళపై బొమ్మలు గీసి ఈ వింతను ప్రదర్శించెను. సినిమా సెకండునకు 24 బొమ్మలు చూపును. మన దీపమునకు నాలుగు చాలును.

ఇట్టి బొమ్మల నన్నిటిని ఒకే ఫైలులో ఇముడ్చు పద్ధతికి జిఫ్ అని పేరు. కంప్యూసర్వ్ అను అమెరికా సంస్థ దీనిని 1987లో వెలువరించెను. ఒక్కొక్క బొమ్మ ఎంతసేపు నిలువవలెనో సెకండులో నూరవవంతు లెక్కన తెలుపు వీలును 1989లో చేర్చిరి. గిఫ్ అని పలుకువారును కలరు గాని, దానిని నిర్మించినవారిలో ముఖ్యుడగు స్టీవ్ విల్‌హైట్ జిఫ్ అనియే పలుకవలెనని 2013లో తేల్చి చెప్పెను. ఆ మాట వినని వారే నేటికిని ఎక్కువ!

జిఫ్‌లో ఒక్కొక్క బొమ్మకు 256 రంగులకు మించి చెల్లవు. ఫోటోలకు ఇది లోపమే కాని మన పనికి మేలే. నిండు రంగులు, స్పష్టమైన గీతలు గల బొమ్మయైనచో ఫైలు చిన్నదగును. ఏలన, ఒకే రంగు వరుసగా వచ్చినచోట కంప్యూటరు ప్రతి చుక్కను వేరుగా వ్రాసికొనక క్లుప్తముగా గుర్తుంచుకొనును.

పనిముట్టుగా జింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. అడ్డము 600, నిలువు 400 చుక్కల కాగితమును తెరచి, ముదురు నీలిరంగు నింపి, క్రింద ప్రమిదను, వత్తిని గీయుడు. శిఖను మాత్రము ఇప్పుడు గీయరాదు. పైన శుభాకాంక్షలను తెలుగున వ్రాయుడు. అక్షరములు బొమ్మలో కలిసిపోవును గనుక, చూచువారి యంత్రమున తెలుగు ఫాంటు లేకున్నను చెడవు. పిదప ఫ్లాటెన్ ఇమేజ్ అను ఆజ్ఞతో అన్నిటిని ఒకే పొరగా చేసి, ఆ పొరకు మరి మూడు నకళ్ళు తీయుడు. నాలుగు పొరలలో వరుసగా నిటారు శిఖ, ఎడమకు వాలినది, మరల నిటారైనది, కుడికి వాలినది గీయవలెను. అన్నిటికంటె అడుగునున్న పొరయే మొదటి బొమ్మ యగునని మరువరాదు.

ఇక కాలము. పొర పేరు చివర కుండలీకరణములలో 300 అని వ్రాసి, దానికి ఆనించి ఎం, ఎస్ అను చిన్న ఇంగ్లీషు అక్షరములు చేర్చినచో ఆ బొమ్మ 300 మిల్లీసెకండులు నిలుచును. అన్నిటికి ఒకే కాలమిచ్చినచో శిఖ గడియారపు లోలకమువలె ఊగును. నిజమైన దీపము తాళము తప్పకుండ ఆడునా? 300, 120, 200, 160 అని ఇచ్చి చూడుడు, ప్రాణము వచ్చును. ఫిల్టర్స్‌లోని యానిమేషన్ క్రింద ప్లేబ్యాక్ నొక్కి పరీక్షించి, తృప్తి కలిగిన పిమ్మట ఎక్స్‌పోర్ట్ చేయుడు. పేరు చివర జిఫ్ గుర్తు నుంచి, యాజ్ యానిమేషన్, లూప్ ఫరెవర్ అను రెండు గడులలో గుర్తు పెట్టవలెను. రెండవది మరచినచో దీపము ఒక్కమారు ఆడి నిలిచిపోవును.

దీపావళి గదా యని మతాబులు, చిచ్చుబుడ్లు చేర్చ బుద్ధి పుట్టవచ్చును. ఇక్కడ జాగ్రత్త అవసరము. తెర వేగముగా వెలిగి ఆరుచుండుట మూర్ఛవ్యాధి గల కొందరికి మూర్ఛ రప్పించగలదు. అందుచేతనే వెబ్ పుటలలో ఏ బొమ్మయు సెకండులో మూడుమార్లకు మించి మెరయరాదని అంతర్జాతీయ నియమావళి చెప్పుచున్నది. ముదురు ఎరుపు మెరుపులు మరింత ప్రమాదకరములు. బాణసంచా గీయదలచినచో చిన్నదిగా, మూలగా, నెమ్మదిగా విచ్చుకొనునట్లు గీయుడు.

పంపునప్పుడు ఈ-మెయిలునకు జతపరచుట సులభము. ఫోనులోని కొన్ని సందేశ సాధనములు జిఫ్‌ను వీడియోగా మార్చును. మరికొన్నిచోట్ల మొదటి బొమ్మ మాత్రమే కనబడి కదలిక ఆగిపోవును. కావున మొదటి బొమ్మలోనే శిఖయు, శుభాకాంక్షయు, పంపువారి పేరును పూర్తిగా నుండునట్లు చూచుకొనవలెను.