స్టిక్కర్ మీద 48 వోల్టులు, లోపల 5 సెల్స్!

జామ, నిమ్మ తోటల్లో కొమ్మ కత్తిరింపులకి బ్యాటరీ కత్తెర, చిన్న రంపం ఏది కొనాలని చాలామంది అడుగుతున్నారు. నన్నడిగితే మిషన్ కంటే ముందు బ్యాటరీ చూడండి.

డబ్బా మీద 18, 20, 21 అని రకరకాలుగా రాస్తారు. లోపల మాత్రం అవే 5 లిథియం సెల్స్, వరసగా కలిపి ఉంటాయి. సెల్‌కి మామూలుగా 3.6 వోల్టులు, అంటే మొత్తం 18. ఫుల్ ఛార్జింగ్‌లో 4.2, అంటే 21. చవక రకాల్లో కొందరు ఆ 5 సెల్స్ మీదే 48, 88 అని అంటించి అమ్ముతున్నారు. వరసగా కలిపిన సెల్స్ ఎన్నో అడగండి, 3.6తో గుణించండి.

ఎంతసేపు పనిచేస్తుందో చెప్పేది ఆంపియర్-అవర్. 18 వోల్టుల బ్యాటరీ మీద 6 అని రాసుంటే షాపులోనే త్రాసు మీద పెట్టించండి. అర కిలో కూడా తూగకపోతే ఆ అంకె అబద్ధం. అంత కరెంటు దాచే సెల్స్ అంత తేలిగ్గా ఉండవు. వీడియోలో తూకం వేసి చూపించాను, చూడండి.

ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి మామూలుగా పట్టదు. అందుకే రేపు కొనబోయే గడ్డి మిషన్ కూడా ఆలోచించుకుని ఒకే కంపెనీకి కట్టుబడితే ఖర్చు కలిసొస్తుంది.

సీజన్ అయ్యాక లిథియం బ్యాటరీని సగం ఛార్జింగ్‌తో చల్లని చోట పెట్టండి, రేకుల షెడ్డులో వద్దు. జీవామృతం కొట్టే స్ప్రేయర్‌లో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే దానిది పూర్తిగా రివర్సు. ఫుల్ ఛార్జింగ్ చేసి పెట్టాలి, నెలకోసారి మళ్లీ ఎక్కించాలి.