రోడ్డు పక్క స్టేక్ హౌస్‌లో భోజనం: ముక్క గొంతులో ఇరుక్కోకుండా

మన సంఘ కుటుంబాలలో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామందే ఉన్నారు. తల్లిదండ్రులు వారిని చూడటానికి వెళ్లి, కొన్ని నెలలు ఉండి వస్తుంటారు. వెళ్లేముందు బి.పి., షుగరు చూపించుకుని, మందులు రాయించుకుని, "అక్కడ ఏం తినవచ్చు డాక్టరుగారూ?" అని అడుగుతారు. పిజ్జా, బర్గరు గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. కారులో దూరప్రయాణం చేసేటప్పుడు చిన్న ఊళ్లలో, రోడ్డు పక్కన కనబడే స్టేక్ హౌస్ గురించి మాత్రం తెలిసినవారు తక్కువ. వైద్యులకు ఈ పేరు బాగా పరిచయం. మాంసం ముక్క ఆహారనాళంలో ఇరుక్కుపోవడాన్ని వైద్యంలో "స్టేక్ హౌస్ సిండ్రోమ్" అంటారు. అందుకే ఈసారి అక్కడి భోజనం గురించి, దానిని క్షేమంగా తినే పద్ధతి గురించి వివరిస్తున్నాము.

స్టేక్ హౌస్ అంటే ఏమిటి?

స్టేక్ అంటే మందంగా కోసిన మాంసపు ముక్క. ఎక్కువగా గొడ్డు మాంసమే. మన కూరలో లాగా చిన్న ముక్కలుగా కోసి, మసాలా పెట్టి, గంటసేపు ఉడికించరు. ఒకే పెద్ద ముక్కకు ఉప్పు, మిరియాలపొడి రాసి, నిప్పులమీదనో వేడి పెనంమీదనో కాలుస్తారు. టెక్సాస్ వంటి పశువులను పెంచే రాష్ట్రాలలో చిన్న ఊళ్లలో కూడా ఇలాంటి హోటళ్లు ఉంటాయి. ఆర్భాటం ఉండదు. బయట పికప్ ట్రక్కులు, లోపల చెక్క బల్లలు, కాగితపు నాప్కిన్లు. రైతులు, లారీ డ్రైవర్లు, ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చిన కుటుంబాలు పక్కపక్కనే కూర్చుని తింటారు. ముందు వేడి రొట్టెలు, వెన్న, సలాడ్ తెస్తారు. తరువాత స్టేక్, దానితో కాల్చిన పెద్ద బంగాళాదుంప వస్తుంది. తాగడానికి ఐస్ వేసిన టీ ఇస్తారు.

గొడ్డు మాంసం తిననివారికి కాల్చిన కోడి, చేప సాధారణంగా దొరుకుతాయి. ఒక్క పేరు దగ్గర జాగ్రత్త. "చికెన్ ఫ్రైడ్ స్టేక్" అని ఉంటే అందులో కోడి ఉండదు. గొడ్డు మాంసాన్నే పిండిలో ముంచి, కోడిని వేయించినట్టు వేయించినది అది.

ఎలా చెప్పాలి?

మెనూలో ముక్క బరువును ఔన్సులలో రాస్తారు. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. 8 ఔన్సుల ముక్క 225 గ్రాములు, 16 ఔన్సులది 450 గ్రాములు అవుతుంది. ఇది పచ్చి మాంసం బరువు. మన ఇంట్లో నలుగురికి వండే మాంసం అక్కడ ఒకరి పళ్లెంలోకి రావచ్చు. కనుక ఒక ముక్క తెప్పించుకుని ఇద్దరు పంచుకోవడం మంచిది. మిగిలినది డబ్బాలో పెట్టి ఇమ్మని అడగవచ్చు, అక్కడ అది అందరూ చేసే పనే.

ముక్కలలో ఫిలే అన్నది మెత్తనిది. రిబ్ ఐలో కొవ్వు ఎక్కువ. సర్లాయిన్ కొంచెం గట్టి, బాగా నమలాలి. టీ-బోన్‌లో ఎముక ఉంటుంది. పళ్లు సరిగా లేని పెద్దలకు ఫిలే గానీ, చేప గానీ నయం.

ఎంత కాల్చాలో కూడా అడుగుతారు. "రేర్" అంటే లోపల పచ్చిగా, "మీడియమ్" అంటే లోపల గులాబి రంగుగా, "వెల్ డన్" అంటే పూర్తిగా కాలినట్టు. మనవాళ్లు ఎర్రని రసం చూసి రక్తమనుకుంటారు. అది రక్తం కాదు, కండరంలో ఉండే మయోగ్లోబిన్ కలిసిన నీరు. అమెరికా వ్యవసాయశాఖ సూచన ప్రకారం స్టేక్ లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, దించిన తరువాత 3 నిమిషాలు ఆగితే చాలు. ఖీమాతో చేసిన హాంబర్గరుకు 71 డిగ్రీలు, కోడికి 74 డిగ్రీలు కావాలి. ముక్క పైన ఉండే సూక్ష్మజీవులు ఖీమా కొట్టినప్పుడు లోపలికంతా కలిసిపోతాయి. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. కనుక గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు పచ్చిగా ఉన్నది తినకూడదు. అయితే వెల్ డన్ ముక్క ఎండి గట్టిపడుతుంది. దానిని ఇంకా చిన్నగా కోసుకుని, ఇంకా ఎక్కువసేపు నమలాలి.

రెండు గొట్టాలు, రెండు ప్రమాదాలు

మన గొంతులో ముందువైపు శ్వాసనాళం, దాని వెనుక ఆహారనాళం ఉంటాయి. ముక్క ఏ గొట్టంలో ఇరుక్కుందన్నదాని మీద ప్రమాదం ఆధారపడి ఉంటుంది.

1963లో ఫ్లోరిడాకు చెందిన డాక్టర్ హాగెన్ హోటళ్లలో భోంచేస్తూ హఠాత్తుగా మరణించినవారి గురించి రాశారు. చూసినవారంతా గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో గొంతుకు అడ్డంపడిన ఆహారం బయటపడింది. దీనికి "కెఫే కరోనరీ" అని పేరు వచ్చింది. ఇది ఊపిరికి అడ్డుపడటం. ప్రాణం నిలపడానికి నిమిషాలే ఉంటాయి.

స్టేక్ హౌస్ సిండ్రోమ్‌లో ముక్క ఆహారనాళంలో ఆగిపోతుంది. మనిషి ఊపిరి పీల్చగలడు, మాట్లాడగలడు. కానీ ఛాతీలో బరువుగా, నొప్పిగా ఉంటుంది. నీళ్లు తాగితే తిరిగి వచ్చేస్తాయి. ఒక్కోసారి సొంత ఉమ్మి కూడా మింగలేడు.

ఊపిరి ఆడకపోతే

మన ఇళ్లలో పొలమారితే "ఎవరో తలచుకుంటున్నారు" అంటూ నెత్తిమీద తడతారు. నీళ్లు పొరబోయినప్పుడు దగ్గుతోనే సర్దుకుంటుంది గనుక నష్టం లేదు. మాంసం ముక్క శ్వాసనాళానికి అడ్డుపడితే నెత్తిమీద తట్టడం వల్ల ఫలితం లేదు. ఇలా చేయండి:

1. మనిషి గట్టిగా దగ్గగలిగితే దగ్గనివ్వండి. నీళ్లు పోయకండి.
2. మాట రాక, చేతులు గొంతుమీద పెట్టుకుని, పెదవులు నీలంగా మారుతుంటే ఆలస్యం చేయకండి. ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచండి.
3. రాకపోతే వెనుక నిలబడి, రెండు చేతులు నడుము చుట్టూ వేసి, పిడికిలిని బొడ్డుకు పైన, ఛాతీ ఎముకకు కింద పెట్టి, లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. ఈ పొట్ట నొక్కే పద్ధతిని 1974లో డాక్టర్ హైమ్లిక్ ప్రకటించారు.
4. ముక్క వచ్చేవరకు ఈ రెండూ మార్చిమార్చి చేయండి. గర్భిణులకు, చాలా లావుగా ఉన్నవారికి పొట్టమీద కాక ఛాతీమీద నొక్కాలి.
5. స్పృహ తప్పితే నేలమీద పడుకోబెట్టి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. అమెరికాలో 911కి, మన దగ్గర 108కి ఫోను చేయించండి. నోట్లో కనబడిన ముక్కనే తీయండి, కనబడనిదానికోసం వేలు పెట్టి వెతకకండి.

ఏడాది నిండని పసిబిడ్డల పొట్ట నొక్కకూడదు. ముంజేతిమీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వీపుమీద 5 సార్లు చరచి, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి.

ముఖ్యమైన మాట. గొంతుకు అడ్డుపడినప్పుడు నలుగురిలో సిగ్గుపడి, లేచి ఒంటరిగా బాత్‌రూముకు వెళ్లిపోకండి. అలా వెళ్లి, చూసేవారు లేక చనిపోయినవారున్నారు. బల్ల చరచి పక్కవారికి తెలియజేయండి.

ఊపిరి ఆడుతోంది, కానీ మింగుడు పడకపోతే

అన్నం ముద్ద మింగడం, అరటిపండుతో తోయడం, వేలు పెట్టి వాంతి చేసుకోవడం చేయకూడదు. ముక్క ఇంకా బిగుసుకోవచ్చు, ఆహారనాళం చిరగవచ్చు. కోలా తాగితే దిగుతుందని కొందరంటారు. దీనిని నెదర్లాండ్స్‌లో పరీక్షించి 2023లో ప్రకటించారు, ప్రయోజనం కనబడలేదు. మాంసం మెత్తబడటానికి వాడే బొప్పాయి పొడి వంటివి తాగడం మరీ ప్రమాదం.

ఏమీ తినకుండా, తాగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఉమ్మి కూడా మింగలేకపోయినా, ముక్కలో ఎముక ఉన్నా వెంటనే వెళ్లాలి. ఉమ్మి దిగుతున్నా 24 గంటలు దాటనివ్వకూడదు. ఎండోస్కోపీతో ముక్కను తీయడమో, మెల్లగా కడుపులోకి దించడమో చేస్తారు.

పరదేశంలో ఉన్న పెద్దలకు ఇంకొక మాట. "ఆసుపత్రి అంటే పిల్లలకు ఖర్చు" అని చెప్పకుండా ఓర్చుకోకండి. ఆలస్యమయ్యే కొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. వెళ్లేముందు ప్రయాణ బీమా తీసుకోండి, దాని కాగితం నకలు పిల్లల దగ్గర ఉంచండి.

ఎందుకు ఇరుక్కుంటుంది?

ఆరోగ్యంగా ఉన్న ఆహారనాళం సాగుతుంది. ఇరుక్కుందంటే చాలాసార్లు అక్కడ ముందే ఏదో లోపం ఉంటుంది. నాళం అడుగున సన్నని ఉంగరంలాంటి పొర ఒక కారణం. 1953లో దీనిని వివరించిన డాక్టర్ షాట్జ్కీ పేరుతోనే పిలుస్తారు. ఏళ్ల తరబడి ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారిలో నాళం మచ్చపడి ఇరుకవుతుంది. యువకులలో అలర్జీ వంటి వాపు వల్ల కూడా రావచ్చు. కొందరిలో అది క్యాన్సరుకు మొదటి గుర్తు. అందుచేత ముక్క దానంతట అదే దిగిపోయినా ఊరుకోకుండా పరీక్ష చేయించుకోవాలి.

కట్టుడు పళ్లవారు, పక్షవాతం వచ్చినవారు, మద్యం తాగి భోంచేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కట్టుడు పళ్లు అంగిలిని కప్పేస్తాయి గనుక ముక్క ఎంత పెద్దదో నోటికి తెలియదు.

తినే పద్ధతి

* ముక్కను మాంసపు పోగులకు అడ్డంగా, చిటికెన వేలి గోరంత చిన్నగా కోయండి.
* ఒక ముక్క మింగాకనే ఇంకొకటి నోట్లో పెట్టండి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడటం, నవ్వడం వద్దు.
* మనవలకు, పెద్దవారికి మీరే కోసి పెట్టండి.
* తొందర వద్దు. టెక్సాస్‌లో అమరిల్లో దగ్గర ఒక స్టేక్ హౌస్ 72 ఔన్సుల ముక్కను, దాని వెంట ఇచ్చేవాటిని గంటలో తింటే ఉచితమంటుంది. అంటే రెండు కిలోల మాంసం! అది వినోదం, మనం అనుసరించే పద్ధతి కాదు.
* ఇన్సులిన్ వేసుకునేవారు హోటలుకు చేరగానే వేసుకోకండి. భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. పళ్లెం బల్లమీదకు వచ్చాక వేసుకోండి. టీ పంచదార లేనిది అడగండి.
* పొటాషియం తగ్గించమన్న కిడ్నీ రోగులు ఆ పెద్ద బంగాళాదుంపను వదిలేయాలి. బి.పి. ఉన్నవారు ఉప్పు తక్కువ వేయమని ముందే చెప్పాలి.

ఈ జాగ్రత్తలు అమెరికాకు వెళ్లేవారికే కాదు. పెళ్లిభోజనంలో వేటమాంసం, హైవే దాబాలో నాటుకోడి, పండుగనాటి ఎముకల పులుసు, ఇవన్నీ ఆ గొంతులోనుంచే దిగాలి. భోజనానికి కూర్చున్నప్పుడు మీ ఇంట్లో పెద్దవారిని గమనించండి. మెత్తని అన్నం తింటూ, ముక్కలు పక్కన పెట్టేస్తూ, ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతుంటే దానిని వయసు అని వదిలేయకుండా మా ఓ.పి.కి తీసుకురండి.