చలి సీమలో గ్రామ పంచాయతీ: ఉత్తర తెలంగాణమున శీతకాలము, మన కర్తవ్యము

"మార్గశిరమున మాటలాడ ప్రొద్దు ఉండదు, పుష్యమున పూస గ్రుచ్చ ప్రొద్దు ఉండదు" అని మన పెద్దలు చెప్పుదురు. "మాఘమున మ్రాకులు సైతము వణకును" అనియు అందురు. ఈ సామెతలు తెలుగుదేశమంతట వినబడునవే. అయినను వాని నిజమైన అర్థము తెలిసినవారు ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతముల ప్రజలు. పెన్‌గంగ మొదలు గోదావరి వరకు వ్యాపించిన ఈ సీమలో మూడు నెలల కాలము చలి గ్రామజీవితమును శాసించును. ఈ ప్రాంతపు పలుకుబడిలో దీనినే "ఇగం" అందురు.

ఎండకాలమున వడదెబ్బ గురించి దండోరా వేయించుదుము, చలివేంద్రములు పెట్టించుదుము. వానకాలమునకు ముందు కాలువలు బాగుచేయించుదుము. చలికాలమునకు మాత్రము ఏ ఏర్పాటును చేయము. చలి ఎవరికివారు ఓర్చుకొనవలసిన బాధ యనియే మన భావన. ఈ భావన వలన ఏటేట కొందరు వృద్ధులు, కొందరు పసికందులు, మూగజీవములు బలి యగుచున్నవి. కావున చలి యెక్కడినుండి వచ్చునో, ఎవరిని బాధించునో, పంచాయతీ చేయదగిన పని యేమో సభ్యులు తెలిసికొనుట అవసరము.

ఈ సీమకే ఇంత చలి యేల?

ప్రథమ కారణము సముద్రము దూరముగ నుండుట. సముద్రపు నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారును గనుక తీరప్రాంతములలో రాత్రికిని పగటికిని పెద్ద వ్యత్యాసముండదు. మన ప్రాంతము పీఠభూమి నడుమ నున్నది. ఇచ్చట గాలి పొడిగా నుండును. ఆకాశము నిర్మలముగ నుండును. పగలు నేల సంపాదించిన వేడి రాత్రియందు అడ్డులేక ఆకాశమునకు ఎగసిపోవును. మబ్బు భూమికి దుప్పటివంటిది. ఆ దుప్పటి లేని రాత్రి నేల చల్లబడును. నేలను తాకు గాలియు చల్లబడును.

రెండవ కారణము ఉత్తరపు గాలి. హిమాలయములలో మంచు కురిసిన పిమ్మట ఆ చల్లని పొడిగాలి దక్షిణమునకు దిగి, విదర్భ మైదానములను దాటి, పెన్‌గంగ మీదుగా మొట్టమొదట ఆదిలాబాదు జిల్లాలో ప్రవేశించును. దక్షిణమునకు పోనుపోను దాని వాడి తగ్గును. కావుననే ఆదిలాబాదు వణకునప్పుడు ఖమ్మము అంతగా వణకదు.

మూడవది కొండలును లోయలును. చల్లని గాలి బరువైనది. అది నీటివలె పల్లమునకు పారి లోయలలో నిలుచును. కొమరం భీమ్ ఆసిఫాబాదు జిల్లాలోని సిర్పూర్ (యు), తిర్యాణి మండలములోని గిన్నెధరి వంటి గ్రామముల పేర్లు ప్రతి చలికాలమున పత్రికలలో కనబడుటకు ఈ భూస్వరూపము ఒక ముఖ్య కారణము. ఆదిలాబాదు, ఆసిఫాబాదు జిల్లాల కేంద్రములలో 5 డిగ్రీలకు దిగువ నమోదైన రాత్రులు ఇటీవలి సంవత్సరములలో గలవు.

శీతల పవనము అను మాటకు వాతావరణ శాఖవారు నిర్దిష్టమైన అర్థమును ఏర్పరచిరి. మైదాన ప్రాంతమున కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉండి, ఆ దినమునకు సామాన్యముగా నుండవలసిన దానికంటె 4.5 డిగ్రీలు మొదలు 6.4 డిగ్రీల వరకు తగ్గినచో అది శీతల పవనము. అంతకు మించి తగ్గినచో తీవ్ర శీతల పవనము. సామాన్యముగా 13 డిగ్రీలుండవలసిన ఊరిలో 8.5 డిగ్రీలు నమోదైనచో అది శీతల పవనమే. సామాన్య ఉష్ణోగ్రతతో పనిలేకయే, 4 డిగ్రీలకు దిగినచో శీతల పవనముగను, 2 డిగ్రీలకు దిగినచో తీవ్ర శీతల పవనముగను పరిగణింతురు.

చలి దేశములలో సున్నకు దిగువను జనులు సుఖముగ జీవించుచుండగా ఇచ్చట 5 డిగ్రీలకే ప్రాణములు పోవుట యేమని కొందరికి సందేహము కలుగవచ్చును. ఆ దేశములలో ఇండ్లు చలికై కట్టినవి. మన ఇండ్లు ఎండకై కట్టుకొన్నవి. రామగుండమునను ఆదిలాబాదునను వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు గదా! గాలి ధారాళముగ ఆడుటకు కట్టిన తడిక గోడ, రేకుల కప్పు, సందులున్న తలుపు పుష్యమాసపు రాత్రి శత్రువులగును.

గతమున వచ్చిన చలులు

మన పెద్దలను పూర్వపు చలుల గురించి అడిగినచో సంవత్సరమును అంకెలలో చెప్పువారు అరుదు. దూడలు చచ్చిన ఏడు, నారు ఎఱ్ఱబడిన ఏడు అని గుర్తులు చెప్పుదురు. చలిని ప్రజలు కొలుచు పద్ధతి అది. వ్రాతలో నిలిచిన అంకెలు కొన్ని గలవు. 1946వ సంవత్సరము జనవరి 8వ తేదీన హైదరాబాదు నగరమున 6.1 డిగ్రీలు నమోదైనది. అంత చలి ఆ నగరమున అరుదు. రాజధానియందే అట్టి చలి యున్న కాలమున ఉత్తరపు అడవులలోని గూడెముల స్థితి యెట్లుండెనో ఊహింపవచ్చును.

ఆ దశకముననే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ జైనూరు మండలములోని మార్లవాయిలో నివసించి, గోండుల జీవితమును పరిశీలించి, 1948లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన దంపతుల స్మృతిని మార్లవాయి గ్రామస్థులు నేటికిని నిలుపుకొనుచున్నారు.

గోండుల ఆచారములలో చలిని ఎదిరించు ధైర్యము కనబడును. పుష్యమాసపు అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలము కేస్లాపూరులో నాగోబా జాతర ప్రారంభమగును. అంతకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి తీరమున హస్తినమడుగునకు పోయి పవిత్రజలమును తెచ్చి, కేస్లాపూరు మఱ్ఱిచెట్ల క్రింద బస చేయుదురు. సంవత్సరములో అతి చలి రాత్రులు ఇవియే. ఆ రాత్రులను వారు ఒంటరిగ గాక వంశమంతయు ఒకచోట గుమిగూడి గడుపుదురు. చలికి మొదటి మందు తోడు. నేడు ఏకాకులైన వృద్ధుల విషయమున మనము మరువరానిది ఇదే.

2018వ సంవత్సరపు చలి మరియొక పాఠమును నేర్పెను. ఆ యేడు డిసెంబరు 17వ తేదీన పెథాయ్ తుపాను తూర్పు గోదావరి తీరమును దాటెను. తుపాను దూరముననే యున్నను తెలంగాణమంతట మబ్బు క్రమ్మి, జల్లులు కురిసి, ఈదురుగాలి వీచి, పట్టపగలే చలి ముదిరెను. చలికి తాళలేక పలువురు వృద్ధులు మరణించిరని పత్రికలు వ్రాసినవి. నిర్మలాకాశపు రాత్రిచలి ఒక విధము. తడియు గాలియు కలసిన పగటిచలి వేరొక విధము. రెండవదానిలో ఉష్ణమాపకము చూపు అంకె అంత భయంకరముగ నుండదు. అయినను తడిసిన బట్ట ఒంటి వేడిని త్వరగా లాగివేయును. కావున చలికాలపు వానను చిన్నచూపు చూడరాదు.

భూమి మొత్తముమీద వేడెక్కుచున్న మాట వాస్తవమే. అంతమాత్రమున చలి తొలగిపోదు. వెచ్చని చలికాలములు కొన్ని వరుసగ వచ్చినచో మనము గొంగళ్లను అటకమీద వేసి మరచిపోవుదుము. పిమ్మట ఒక యేడు చలి విజృంభించినప్పుడు సంసిద్ధముగ నుండము.

ప్రమాదము ఎవరికి?

వృద్ధులకు ఒంటిలో వేడి పుట్టు శక్తి తగ్గును. పుట్టిన పసికందులకు అది ఇంకను ఏర్పడి యుండదు. ఉబ్బసము, గుండెజబ్బు, రక్తపుపోటు కలవారికి తెల్లవారుజాము గడ్డుకాలము. ఆరుబయట నిద్రించువారు, ప్రత్తి కల్లముల కావలివారు, గొర్రెల మందలతో పొలములలో మకాము చేయువారు, వేకువనే వీధులూడ్చు మన పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు ఈ జాబితాలోనివారే.

శరీరపు వేడి 35 డిగ్రీలకు దిగినచో ప్రమాదము ఆరంభమైనట్లు. మొదట వణకు, తరువాత మాట తడబాటు, మగత కలుగును. వణకుచున్నవాడు వణకు మానినచో తేరుకొన్నాడని భ్రమపడరాదు. స్థితి విషమించినదని గ్రహింపవలెను. అట్టివానికి తడిబట్టలు విప్పి, పొడి కంబళ్లు కప్పి, స్పృహ యున్నచో తియ్యని వేడి పానీయము ఇచ్చి, 108 వాహనమును పిలువవలెను. సారాయి త్రాగినచో చలి పోవునను నమ్మకము ప్రాణాంతకము. మద్యము చర్మపు రక్తనాళములను వెడల్పుచేసి, లోపలి వేడిని బయటికి పంపివేయును. వెచ్చదనము తోచును, శరీరము చల్లబడును.

బిడ్డ పుట్టినవెంటనే స్నానము చేయించు ఆచారము మానవలెను. కనీసము ఒక దినము ఆగుట మంచిది. తక్కువ బరువుతో పుట్టిన శిశువును తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు పడుకొనబెట్టి కప్పినచో, అంతకు మించిన వెచ్చదనము లేదు.

గొంగడి, నెగడు, కుంపటి

మన పూర్వులు కనుగొన్న సాధనములలో గొంగడి శ్రేష్ఠమైనది. దక్కని జాతి నల్లగొర్రెల ఉన్నితో కురుమలు దీనిని నేయింతురు. చింతగింజల గంజి పట్టించిన గొంగడి బిరుసుగ నుండి, గాలిని ఆపును. ఉన్ని పోగుల నడుమ నిలిచిన గాలియే చలికి గోడ. తడిసినను ఉన్ని కొంత వెచ్చదనమును నిలుపుకొనును, నూలుబట్ట నిలుపుకొనజాలదు. ఉన్ని లేని గొర్రెజాతులు వ్యాపించుట చేతను, చౌక దుప్పట్లు వచ్చుట చేతను నేత క్షీణించినది. వృద్ధులకు కంబళ్లు కొను సందర్భమున సమీపమున గొంగడి నేయువారు ఉన్నచో, వారివద్ద కొనుట ఉభయతారకము.

నెగడు ఆరుబయట వేసికొనునంతవరకు మేలే. గడ్డివాములకును, పూరిండ్లకును, ప్రత్తి కుప్పలకును దూరముగ వేసి, నిద్రకు పోవు ముందు నీరు చల్లి ఆర్పవలెను. ప్లాస్టిక్ సంచులను, టైర్లను కాల్చరాదు.

అన్నిటికంటె మోసకరమైనది మూసిన గదిలో కుంపటి. గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి వంటి బొగ్గుసీమలోని వారు దీనిని మరింత గుర్తుంచుకొనవలెను. బొగ్గు చాలినంత గాలి లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. తలనొప్పి, వికారము, మత్తు కలిగి, నిద్రలోనే ప్రాణము పోవును. పొగ లేనందున ప్రమాదము లేదనుకొనరాదు. పండుకొనుటకు ముందు కుంపటిని బయట పెట్టవలెను.

పైరు, పశువులు

1963 జూలై 26న శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు, అనగా నేటి శ్రీరామసాగరము, కాలువల ద్వారా కరీంనగరు, జగిత్యాల ప్రాంతములలో యాసంగి వరిని విస్తరింపజేసినది. ఈ పంటకు నారు పోయు కాలము సరిగా చలి ముదురు కాలము. చలికి నారు ఎదుగక పసుపు, ఎరుపు రంగులకు తిరుగును. సాయంకాలము మడిలోని నీటిని తీసివేసి, ఉదయము క్రొత్తనీరు పెట్టవలెను. రాత్రివేళ కఱ్ఱల ఆధారమున పాలిథీన్ పట్టాను గాని, కలిపి కుట్టిన ఎరువుల సంచులను గాని కప్పి, ప్రొద్దెక్కిన పిమ్మట తీయవలెను. జింకు లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లవలెను. తొందరపడి యూరియా గుప్పించినందున నారు కోలుకొనదు.

పశువుల కొట్టమునకు ఉత్తరపు దిక్కున గోనెపట్టాలు కట్టి, క్రింద పొడిగడ్డి పరచవలెను. దూడలకును, గొర్రెపిల్లలకును తడినేల మిక్కిలి హానికరము. పాలిచ్చు పశువునకు మేత కొంత హెచ్చించి, గోరువెచ్చని నీరు పెట్టవలెను. మేత చాలనిచో ఒంటిలో వేడి పుట్టదు, పాలును తగ్గును.

పంచాయతీ చేయదగిన పనులు

కార్తిక మాసములోనే వార్డు సభ్యులు తమ వార్డులోని ఒంటరి వృద్ధులు, బాలింతలు, ఇల్లు లేనివారు, దీర్ఘరోగుల జాబితాను ఆశా కార్యకర్త, అంగన్‌వాడి కార్యకర్తల సాయముతో తయారు చేయవలెను. చలి హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ గడపలకు ఒకసారి పోయి పలుకరించుటకు ఖర్చు లేదు. దాతల ద్వారా వచ్చు కంబళ్లను ఈ జాబితా ప్రకారము పంచినచో నిజముగ అవసరమున్నవారికి చేరును.

పారిశుద్ధ్య కార్మికుల పనివేళను ఎండ వచ్చిన తరువాతకు మార్చి, వారికి ఉన్ని బట్టలు సమకూర్చవలెను. ఊరిలోని ఆశ్రమ పాఠశాల, వసతి గృహములకు పోయి కిటికీ తలుపులున్నవా, వేడినీరు ఉన్నదా, ప్రతి బిడ్డకు దుప్పటి చేరినదా అని చూడవలెను. మంచు కప్పిన రోడ్లపై ఎడ్లబండ్లు, ట్రాక్టరు ట్రాలీలు కనబడక ప్రమాదములు జరుగుచున్నవి. వాని వెనుక మెరుపు పట్టీలు అంటింపజేయవలెను.

చివరిది, మిక్కిలి ముఖ్యమైనది, లెక్క వ్రాయుట. శీతల పవనము కేంద్రప్రభుత్వము గుర్తించిన 12 వైపరీత్యములలో ఒకటి. 2022-26 సంవత్సరముల విపత్తు సహాయనిధి నిబంధనల ప్రకారము వైపరీత్యము వలన మరణించినవారి కుటుంబమునకు 4 లక్షల రూపాయల సహాయము కలదు. అయితే మరణకారణమును అధికారి ధ్రువపరుపవలెను. మన గ్రామములలో చలికి చచ్చిన వృద్ధుని మరణము తరచు "వయసు మీరి" అని ముగిసిపోవును. ఆ కుటుంబమునకు సహాయము అందదు. ఆ చలికి చరిత్రయు మిగులదు. కావున అట్టి మరణము సంభవించిన దినముననే వైద్యాధికారికిని, తహసీల్దారుకును తెలుపవలెను. చలికాలమంతయు సమీప కేంద్రమున నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతను, ఊరిలో కలిగిన నష్టమును పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకములో వ్రాయించవలెను. దూడలు చచ్చిన ఏడు ఏదో మన మనుమలు ఆ పుస్తకము తిరుగవేసి తెలిసికొందురు.

"శివరాత్రికి చలి శివశివా అని పోవును" అందురు. పోవు మాట నిజమే. అది పోవునాటికి మన ఊరిలో కార్తికమున ఉన్నవారందరును క్షేమముగ ఉన్నారా అన్నదే పంచాయతీ తనను తాను వేసికొనవలసిన ప్రశ్న.