కారు డ్యాష్‌బోర్డ్‌లో లైట్ వెలిగిందా? ముందు రంగు చూడండి

ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్లలో సగం చూడకుండానే స్వైప్ చేసేస్తాం. కారు డ్యాష్‌బోర్డ్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. కోడింగ్ చేసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇవి లాగ్ లెవెల్స్. ఆకుపచ్చ, నీలం అంటే ఇన్ఫో. పసుపు అంటే వార్నింగ్. ఎరుపు అంటే క్రిటికల్.

ఎరుపులో అస్సలు తేలిగ్గా తీసుకోకూడనిది ఆయిల్ లైట్. చూడ్డానికి అల్లావుద్దీన్ దీపంలా ఉంటుంది. ఆయిల్ లెవెల్ తగ్గిందని చెప్పడమే దీని పని అనుకుంటారు చాలామంది. నిజానికి ఇది చెప్పేది ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని. ప్రెజర్ లేకపోతే బేరింగుల మధ్య ఆయిల్ పొర నిలవదు, ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ సీజ్ అవ్వొచ్చు. 'ఇల్లు రెండు కిలోమీటర్లే కదా' అనుకోకండి. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. లెవెల్ బాగానే ఉంటే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, టోయింగ్‌కి ఫోన్ చేయండి. టెంపరేచర్ లైట్ ఎర్రగా వెలిగినా ఆపాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

బ్యాటరీ లైట్ సంగతి వేరు. ఆల్టర్నేటర్ చార్జ్ చేయట్లేదు, ఉన్న చార్జ్‌తోనే కారు నడుస్తోందని దానర్థం. ఏసీ, ఆడియో కట్టేసి దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. మధ్యలో ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వకపోవచ్చు. దారిలో టెంపరేచర్ పెరిగినా, స్టీరింగ్ బరువెక్కినా బెల్ట్ తెగి ఉండొచ్చు, ఇక ఆపేయండి.

పసుపులో అందరినీ కంగారుపెట్టేది చెక్ ఇంజిన్. నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడుపుతూ ఒకట్రెండు రోజుల్లో చూపించొచ్చు. బ్లింక్ అయితే మాత్రం మిస్‌ఫైర్. కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి కేటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది, అది ఖరీదైన పార్ట్. స్పీడ్ తగ్గించి, వీలైనంత త్వరగా ఆపేయండి.

ఇక మనకిష్టమైన భాగం. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ-2 పోర్ట్ ఉంటుంది. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, టార్క్ లేదా కార్ స్కానర్ యాప్‌తో ఎర్రర్ కోడ్ మీరే చదవొచ్చు. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై మోడల్ చూసి కొనండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్. పీ0420 అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని. అలాగని కన్వర్టరే పోయిందని కాదు, ఆక్సిజన్ సెన్సర్ పాడైనా, ఎగ్జాస్ట్ లీకైనా అదే కోడ్ రావొచ్చు. నేరుగా 'మార్చేద్దాం' అనే మెకానిక్‌ని ఈ రెండూ చెక్ చేశారా అని అడగండి.

యాప్‌లో క్లియర్ బటన్ ఊరిస్తుంది కానీ నొక్కొద్దు. ఫాల్ట్ వచ్చిన క్షణంలో స్పీడ్, ఆర్పీఎం, కూలెంట్ టెంపరేచర్ ఎంతున్నాయో దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లాగ్ డిలీట్ చేస్తే బగ్ పోదు కదా!

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే ఈ అడాప్టర్ జేబులో పెట్టుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగలేదంటే ఎవరో పీకేశారేమోనని అనుమానించాల్సిందే. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు ఇన్‌కంప్లీట్ అని చూపిస్తే కోడ్‌లు ఈమధ్యే చెరిపి ఉండాలి, లేదా బ్యాటరీ తీసి ఉండాలి. ఎందుకో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.