మొబైల్ యాప్‌లోకి ప్రకటన ఎలా వస్తుంది?

మీరు మొబైల్‌లో ఆట ఆడుతుంటారు. సరిగ్గా గెలవబోయే సమయానికి సబ్బు ప్రకటన ఒకటి తెరనిండా ప్రత్యక్షమవుతుంది. ఆట తయారుచేసినవారికి ఆ సబ్బు సంగతి ముందే తెలుసంటారా?

తెలియదు! పత్రికలో ప్రకటనకు అరపేజీ వదిలినట్లు, వారు తెరమీద కొంత చోటు వదులుతారు, అంతే. ఆ చోటును నింపే సంస్థలు వేరే ఉన్నాయి. వాటిలో పేరుపొందిన యాడ్‌మాబ్ 2006లో అమెరికాలో మొదలైంది. 2010లో అది గూగుల్ చేతికి వచ్చింది. యాప్‌లో అమర్చిన చిన్న ప్రోగ్రాము "ఇక్కడ చోటు ఖాళీగా ఉంది" అని గూగుల్ కంప్యూటర్లకు కబురు పంపుతుంది. అక్కడ క్షణంలో వేలంపాట జరిగి, నెగ్గిన ప్రకటన మీ తెరమీదికి వస్తుంది.

ఆ చిన్న ప్రోగ్రామును యాప్‌లో అమర్చడమెలా? పూర్వం ప్రోగ్రామరే ప్రతి పంక్తీ రాసుకునేవాడు. ఇప్పుడు కర్సర్ వంటి ఏఐ కోడ్ ఎడిటర్లు వచ్చాయి. "తెర అడుగున ప్రకటన పట్టీ పెట్టు" అని మామూలు మాటల్లో చెబితే చాలు, అవే రాసిపెడతాయి. ఎలాగంటారా? ఎన్నోసార్లు విన్న పద్యం మొదటి పాదం చెప్పగానే రెండోది మీ నోటికి వచ్చేస్తుంది కదూ! ఏఐ కూడా లెక్కలేనన్ని ప్రోగ్రాములు చూసి, దేని తరువాత ఏది రావచ్చో అంచనా కడుతుంది. అంచనా అన్నాక ఒక్కోసారి తప్పుతుంది.

కొన్ని తప్పులు వెంటనే బయటపడతాయి. యాడ్‌మాబ్ ప్రతి యాప్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లో దానిని రాయవలసిన చోట రాయకపోతే యాప్ తెరుచుకుంటూనే మూతపడుతుంది.

కొన్ని తప్పులు దాగి ఉంటాయి. యాప్‌ను పరీక్షించేటప్పుడు అసలు ప్రకటనలు పెట్టి, వాటిని మనమే నొక్కితే అవి దొంగ నొక్కుళ్ళవుతాయి. గూగుల్ మన ఖాతాను నిలిపివేయవచ్చు. అందుకే పరీక్ష కోసం ఉత్తుత్తి ప్రకటనల సంఖ్యలను ఆ సంస్థే విడిగా ఇస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పిల్లల యాప్ అయితే "ఇది పిల్లలది" అని తెలిపే అమరిక పెట్టాలి. అప్పుడు ఆడేవారి ఇష్టాలను బట్టి ప్రకటనలను ఎంచడం ఆగుతుంది. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అమెరికా 1998లోనే చట్టం చేసింది. 18 ఏళ్ళలోపువారిని వెంటాడి ప్రకటనలు గురిపెట్టరాదన్న నిబంధన మన పార్లమెంటు 2023లో ఆమోదించిన చట్టంలోనూ ఉంది.

ఆ అమరిక లేకపోయినా యాప్ చక్కగా నడుస్తుంది. ఎర్రగీత ఏదీ కనిపించదు. ఆడేది ఆరేళ్ళ పాపో, అరవై ఏళ్ళ తాతగారో మనం చెప్పకపోతే ఎడిటర్‌కు తెలిసే దారి లేదు. కాబట్టి రేపు మీరే ఒక యాప్ తయారుచేస్తే, "ప్రకటన పెట్టు" అనేముందు "ఈ ఆట ఎవరికోసం?" అన్నది చెప్పండి. అది రాసిన ప్రతి పంక్తినీ చదివి చూడండి.