గాదెలు చెప్పు చరిత్ర

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కొండ సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తున నున్నది. శ్రీకృష్ణదేవరాయలు 1513-14లో ఏడాదిన్నర ముట్టడించి ఈ దుర్గమును గజపతుల నుండి గెలుచుకొనెను. విద్యార్థులు ఈ యుద్ధమును గుర్తుంచుకొందురు. కాని అంతకాలము సైన్యము తిన్న గింజలను ఎవరు కొలిచిరి?

ఆ కాలమున అది నాయంకర పద్ధతిలో జరిగెడిది. రాజు ఒక నాయకునకు కొన్ని గ్రామముల ఆదాయము నిచ్చును. నాయకుడు నిర్ణీతమైన కాల్బలమును, గుర్రములను పోషించి, కొంత ధనము రాజునకు చెల్లించవలెను. అనగా కత్తి పట్టినవాడే కచ్చేరీ నడపవలెను.

ఐరోపాలో దీనికి దగ్గరి పోలిక గలదు. 1119 ప్రాంతమున జెరూసలేములో టెంప్లర్లు అను యోధసంఘ మేర్పడెను. వీరు సన్న్యాస వ్రతము పట్టిన సైనికులు. యుద్ధము పాలస్తీనాలో, పొలములు ఇంగ్లండు, ఫ్రాన్సులలో! అందుచే పల్లెపట్టులలో వారికి కార్యస్థానములు కావలసివచ్చెను. ప్రార్థనాలయము, కచ్చేరీ, గాదెలు ఒకే ఆవరణలో నుండెడివి. కోటగోడల కంటె గాదెలకే అక్కడ ప్రాధాన్యము. 1185లో వారు ఇంగ్లండులోని తమ భూముల జాబితా వ్రాయించిరి. ఎసెక్స్‌లోని క్రెసింగు గ్రామమును 1137లో మెటిల్డా రాణి వారికి దాన మిచ్చెను. అక్కడి బార్లీ గాదె, గోధుమ గాదె నేటికిని నిలిచియున్నవి.

వాని వయస్సు తెలిపినది కొయ్యయే. వానలు బాగుగా కురిసిన యేట చెట్టులో వెడల్పు వలయము, కరవు యేట సన్నని వలయము ఏర్పడును. ఈ వరుసను కాలము తెలిసిన ఇతర దుంగల వరుసతో సరిపోల్చగా, రెండును 13వ శతాబ్దమువని తేలెను.

మన నాయకుల కచ్చేరీలు అంతగా మిగులలేదు. హంపీలో సైతము రాజభవనముల రాతి పీఠములే కలవు. పైనున్న కొయ్య కట్టడము పోయినది. కాని కొయ్య ఒక్కటే కారణము కాదని నా అభిప్రాయము. సంఘమునకు చావు లేదు. 1312లో పోపు రద్దు చేయువరకు టెంప్లర్ల ఆస్తి ఒకే చేతిలో నుండెను. నాయకుని భూమి రాజు తలచినపుడు చేయి మారును. అట్టివాడు తన పేరు నిలుపుటకు గాదె కంటె గుడిని, చెరువును ఎంచుకొనుట సహజమే.

మన టేకులోను ఏటేటి వలయములు స్పష్టముగ నేర్పడును. పాత ఇండ్లు పడగొట్టునపుడు దూలములను చూడవచ్చును. అయితే వడ్రంగి బెరడు క్రింది వలయములను చెక్కివేసియున్నచో, చెట్టు నరికిన సంవత్సరము సరిగా తెలియదు.